ఆవిడ చెప్పేదేమీ లేదు

నాకు నోరెక్కువ. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు, మా ఇంట్లో అందరూ అన్నదే. మా అక్క ఇప్పటికీ అంటుంది, అదీ తను ఆపకుండా మాట్లాడుతూ అంటుంది. మేం పుట్టిన కొంపే అలాంటిది. పదిమందిమీ ఒకేసారి మాట్లాడేవాళ్లం, విచిత్రం ఏమిటంటే ఒకేసారి వినేవాళ్లం కూడా. ఎవరైనా రెండు నిమిషాలు నోరు మూసుకుని కూర్చుంటే "ఏమైంది, అలిగావా?" అంటూ చుట్టూ మూగేవాళ్లు. ఇక ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు. ట్రంక్ కాల్ రోజులవి. అవతలినుంచి ఒక్క క్షణం మాట వినబడకపోతే లైన్ పోయిందనే అర్థం. "హలో, హలో, వినబడుతోందా?" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచేవాళ్లం.

అలాంటి నోరు పెట్టుకుని నేను అలాస్కాలో ఒక్కదాన్నే ఉంటున్నాను.

నేను నీళ్ల ఇంజినీర్ని. చాలా ఏళ్లు ఆరిజోనాలో, చాండ్లర్‌లో ఉన్నాం, మావారూ నేనూ. ఆయన పోయాక ఆ ఊళ్లో తలా ఒక వంటా తెచ్చుకుని కలిసి తినే ప్రతి పాట్‌లక్‌లోనూ నన్ను చూడగానే అందరి గొంతులూ తగ్గేవి. పప్పు వడ్డిస్తూ కూడా జాలిపడేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. యాంకరేజ్‌లో ఉద్యోగం ఉందని తెలిసి, రెండో ఆలోచన లేకుండా వచ్చేశాను. ఇక్కడా తెలుగువాళ్లున్నారు, లేకపోలేదు. చిన్న చిన్న పిల్లలున్న జంటలు. ఒక ఉగాదికి పిలిస్తే వెళ్లాను. "ఆంటీ, మీరొక్కరే ఉంటారా? భయం వెయ్యదా?" అని ఒకమ్మాయి అడిగింది. మళ్లీ వెళ్లలేదు. తప్పు ఆ పిల్లది కాదు, నాదే. కానీ వెళ్లలేదు. ఇప్పుడు నా నోట తెలుగు వచ్చేది ఆదివారం అక్క ఫోన్ చేసినప్పుడూ, మిగతా రోజుల్లో కుక్కర్ కూత పెట్టకుండా మొరాయించినప్పుడూ.

మా ఆఫీసు చేసే పని చెప్పాలి. నది మీద కరెంటు కోసం డ్యాం కడతామని ఎవరైనా వస్తే, కట్టేముందు పర్యావరణ సమీక్ష అని ఒకటి జరుగుతుంది. కంపెనీవాళ్లకి లాయర్లుంటారు, ఇంజినీర్లుంటారు. ఆ నదినే నమ్ముకుని బతికే ఇన్యూట్ పల్లెలవాళ్లకి ఎవరుంటారు? విచారణ జరిగే ఊరికి రావాలంటే రెండు విమానాలు మారాలి. రిపోర్టు చూస్తే దిండంత లావు, అదీ ఇంగ్లీషులో. అందుకని మా సంస్థ వాళ్లకి డబ్బిస్తుంది. టికెట్లకి, హోటల్‌కి, ఇంటర్‌ప్రెటర్‌కి, ఆ రిపోర్టు విడమరిచి చెప్పే నాలాంటి మనిషికి. వాళ్ల మాట కూడా విచారణ నమోదులోకి, అంటే రికార్డులోకి, ఎక్కాలన్నదే ఈ డబ్బు ఉద్దేశం. అంతకుమించి ఏమీ లేదు.

ఉత్తరాన ఒక నది. పై ఎత్తున డ్యాం కడతామన్నారు. దిగువన ఒక పల్లె, ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. శరదృతువులో నేను అక్కడికెళ్లి, బడిలో ఆటల హాల్లో నిలబడి రిపోర్టు వివరించాను. చలికాలంలో కరెంటు వాడకం ఎక్కువ కాబట్టి డ్యాంనుంచి అప్పుడే ఎక్కువ నీళ్లు వదులుతారని, వాడకం తగ్గినప్పుడు తగ్గిస్తారని, అయినా నది మీద ఐసు మనుషుల బరువు మోసేంత మందంగానే ఉంటుందని రిపోర్టు అంటోందని, బొమ్మలు గీసి మరీ చెప్పాను. వెనక వరసలో ఒక పెద్దావిడ కూర్చుంది. ఊరంతా ఆవిణ్ణి 'ఆనా' అంటారు. వాళ్ల భాషలో అమ్మమ్మ అని. నేను మాట్లాడినంతసేపూ ఆవిడ కదలలేదు. అంతా అయ్యాక పక్కనున్న మేనకోడలితో నెమ్మదిగా ఏదో అంది. మేనకోడలికి నలభై దాటి ఉంటాయి, ఆ బళ్లోనే వంట చేస్తుంది, రెండు భాషలూ వచ్చు. నా దగ్గరికి వచ్చి చెప్పింది.

"ఆనా విచారణలో మాట్లాడతానంటోంది. ఒక్క సంగతేనట."

నేను ఎగిరి గంతేశాను. ఐసు గురించి ఆ ఊళ్లో ఆవిడకంటే తెలిసినవాళ్లు లేరని అప్పటికే నలుగురు చెప్పారు. ఇద్దరికీ యాంకరేజ్‌కి టికెట్లు అని అక్కడికక్కడే రాసుకున్నాను.

ఆ తర్వాత నేనే చెడగొట్టాను. విచారణ దగ్గర పడేసరికి మంచుతుఫాను సూచనలు, ఆవిడ మోకాళ్ల నొప్పులు, హోటల్లో ఆవిడ ఏం తింటుందో అన్న బెంగ, ఇవన్నీ నా బుర్రలో తిరిగాయి. పెద్దావిడకి శ్రమ ఎందుకు, ఫోన్లో మాట్లాడిస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. పెద్దవాళ్లకి ఏది సుఖమో వాళ్లకంటే మనకే బాగా తెలుసని మనవాళ్లకి గట్టి నమ్మకం. అడగం, ఏర్పాటు చేసేస్తాం. మేనకోడలికి ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. సరేనన్నమాట అనుకుని, నంబరు చెప్పి పెట్టేశాను.

విచారణ ఒక హోటల్ హాల్లో. మనిషికి ఐదేసి నిమిషాలు. విచారణాధికారి మర్యాదస్థుడు, ప్రతివాళ్లకీ పేరుపేరునా థాంక్స్ చెబుతున్నాడు. ఆవిడ వంతు వచ్చింది. బల్ల మీద స్పీకర్ ఫోన్, పక్కన నేను. "ఆనా ఇక్కడే ఉంది, వింటోంది" అంది మేనకోడలు గొంతు.

తర్వాత నిశ్శబ్దం.

పది సెకన్లు. ఇరవై. హాల్లో తలలు లేస్తున్నాయి. కంపెనీ ఇంజినీర్లు కాగితాలు తిరగేస్తున్నారు. ఇంకో ఇరవై. ఇక నావల్ల కాలేదు. ఫోన్ మీదికి వంగి, "హలో? హలో? వినబడుతోందా?" అన్నాను, మా నాన్న ట్రంక్ కాల్‌లో అరిచినట్టే.

"వినబడుతోంది" అంది మేనకోడలు.

మళ్లీ నిశ్శబ్దం. అధికారి నావైపు చూశాడు. తొందర పెట్టలేదు పాపం, ఊరికే చూశాడు. కానీ ఆ చూపుకి నేనేదో సమాధానం చెప్పాలనిపించింది. ఓ నవ్వు నవ్వి అన్నాను: "ఆవిడ చెప్పేదేమీ లేదనుకుంటాను."

ఫోన్లో వాళ్ల భాషలో రెండు ముక్కలు వినబడ్డాయి. తర్వాత టక్కున పెట్టేసిన చప్పుడు. అధికారి ఆవిడకి కూడా థాంక్స్ చెప్పాడు. టైపు చేసే అమ్మాయి ఆవిడ పేరు పక్కన 'ప్రకటన లేదు' అని కొట్టింది. నాకు ఆ స్క్రీను కనబడుతూనే ఉంది. చివర్లో అధికారి, ఇంకెవరైనా చెప్పదలిస్తే పది రోజుల్లోగా రాసిగాని రికార్డు చేసిగాని పంపవచ్చని, ఆ తర్వాత నమోదు మూసేస్తామని ప్రకటించాడు.

మర్నాడు మేనకోడలు ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఆనా సిద్ధమవుతోంది. మీరు మాట్లాడారు."

"అదేంటి, అంతసేపు..."

"పెద్ద సంగతి చెప్పేముందు ఆనా కాసేపు ఊరుకుంటుంది. మా పెద్దవాళ్లంతా అంతే. మీరు మాట్లాడేసరికి మీకేదో చెప్పాల్సింది ఉందనుకుంది. మీకు దారిచ్చింది."

"మరి ఆ మాట నువ్వైనా చెప్పొచ్చు కదమ్మా అప్పుడే!"

"నేను మాట్లాడినా ఆవిణ్ణి ఆపినట్టే కదా."

నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. ఊళ్లవాళ్ల మాట వినిపించడానికి జీతం తీసుకునే మనిషిని, ఆ ఊళ్లో అందరికంటే పెద్ద మనిషి నోరు తెరవబోతుంటే నేను మాట్లాడాను. పైగా ఆవిడ తరఫున, ఆవిడ చెప్పేదేమీ లేదని. ఏం తెలుసని అన్నాను?

"పోనీ నీ ఫోన్లో రికార్డు చేసి పంపుతావా? ఇంకా తొమ్మిది రోజులుంది" అన్నాను.

"ఫోన్‌కి చెప్పదు. ఎవరికి చెబుతోందో కనబడాలంటుంది."

"నేను వస్తే చెబుతుందా?"

కాసేపు ఆగింది. నేనూ ఆగాను, పళ్లు బిగబట్టుకుని.

"తెలీదు. వచ్చి కూర్చోండి" అంది.

మా డైరెక్టరు నాకంటే పాతికేళ్లు చిన్నవాడు. మంచివాడే, కానీ అతనికి ప్రపంచమంతా ఒక ఫారం. "ఆవిడ లైన్లో ఉన్నారు కదా. పార్టిసిపేట్ చేసినట్టే లెక్క. ఆ ఊరి గ్రాంటు కూడా అయిపోయింది" అన్నాడు, గడిలో టిక్కు పెట్టి చూపిస్తూ. "పెట్టుకో నాయనా, ఆ టిక్కు పెట్టుకుని ఊరేగు" అన్నాను తెలుగులో. ఏమన్నారని అడిగాడు. సెలవు పెడుతున్నానన్నాను.

నా టికెట్ నేను కొనుక్కుని పెద్ద విమానం దిగేసరికి చిన్న విమానాలు ఎగరడం లేదు. ముందు పొగమంచు, తర్వాత గాలి. విమానం మారాల్సిన ఆ ఊళ్లో, ఎయిర్‌పోర్టు పక్కన లాడ్జిలో, నాలుగు రోజులు కిటికీలోంచి తెల్లటి శూన్యం చూస్తూ కూర్చున్నాను. పది రోజుల్లో ఏడు అయిపోయాయి. ఎవరితోనైనా మాట్లాడదామంటే ఎవరున్నారు? కాఫీ పోసే ఆయనతో వాతావరణం గురించి పదిసార్లు మాట్లాడాను. పదకొండోసారి అతనే తప్పుకు తిరిగాడు. ఒక మధ్యాహ్నం స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి, "ఏం చేస్తున్నావే నువ్వు?" అని పైకే అడిగాను. చెప్పేవాళ్లు లేరు. మావారు ఉండుంటే, "ముందు కూర్చో, కాళ్లు నొప్పెడతాయి" అనేవారు. ఆయన మీద చచ్చేంత కోపం వచ్చింది, ముందే వెళ్లిపోయినందుకు.

ఎనిమిదో రోజు గాలి తగ్గింది. ఎనిమిది మంది పట్టే విమానం. పైలట్ నా బరువు అడిగితే నిజం చెప్పాను. ఒళ్లో కమలాపళ్ల సంచీ. ఆ పల్లెలకి వెళ్లేవాళ్లు పళ్లు తీసుకెళ్లడం మర్యాద.

ఆనా ఇల్లు ఒకే గది. తలుపు తీయగానే ఎండుచేపల వాసన. నేను గోదావరి దిగువ మనిషిని. చాండ్లర్‌లో ఒకసారి ఎండుచేపలు వేయిస్తే పక్కింటివాళ్లు గ్యాస్ లీకైందని ఫోన్ చేశారు, ఆ తర్వాత మావారు వాటిని ఇంట్లోకి రానివ్వలేదు. ఇన్నేళ్ల తర్వాత ఆ వాసన ముక్కుకి తగిలేసరికి కళ్లు చెమర్చాయి. ఆనా కిటికీ పక్కన కూర్చుని ఉంది. కిటికీలోంచి నది కనబడుతుంది. గడ్డకట్టి, తెల్లగా, మీద మంచుబళ్ల, అదే స్నోమొబైళ్ల, చాళ్లతో. నేను క్షమాపణ మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యాక మేనకోడలు నా చేతిలో ఒక ఎండుచేప ముక్క పెట్టింది.

"ఇది నములుతూ ఉండండి" అంది.

అర్థమైంది. రికార్డరు బల్ల మీద పెట్టి, మీట నొక్కి, ముక్క నోట్లో పెట్టుకున్నాను. చెక్కలా గట్టిగా ఉంది. నమిలాను.

హీటరు గుయ్యిమంటోంది. మేనకోడలు బొచ్చు చేతొడుగు ఒకటి కుట్టుకుంటోంది. ఆనా నదినే చూస్తోంది. నేను నేల మీద గళ్లు లెక్కపెట్టాను, గోడ మీద ఫోటోలు లెక్కపెట్టాను. ఒక ఫోటోలో నడివయసు మనిషి ఒకాయన వల పట్టుకుని నవ్వుతున్నాడు. 'ఆయన ఎవరు?' అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. చేపముక్క అడ్డం ఉండబట్టి సరిపోయింది. మేనకోడలు ఇంకో ముక్క ఇచ్చింది. అదీ నమిలాను. దవడలు నొప్పెట్టాయి. ఒక దశలో నాకు భయం వేసింది, ఈవిడ ఇక మాట్లాడదేమో, రేపటి విమానంలో ఖాళీ రికార్డరుతో తిరిగి వెళ్లాలేమోనని. అప్పుడు కూడా మాట్లాడలేదు. నా జన్మలో నేను చేసిన పెద్ద పని అదేనేమో.

ఆనా మాట్లాడింది. గొంతు పెద్దదేం కాదు. ఒక వాక్యం అని ఆగేది, మేనకోడలు చెప్పేది, మళ్లీ ఒక వాక్యం.

చాలా ఏళ్ల కిందట ఒక చలికాలం, పై ఎత్తున ఐసు అడ్డుపడి నది పొంగిందట. పొంగిన నీళ్ల మీద కొత్త ఐసు కట్టింది. తర్వాత ఆ అడ్డు తొలగి, నీళ్లు కిందికి జారిపోయాయి. పైన ఐసు, ఎక్కడో అడుగున నీళ్లు, మధ్యలో గాలి. చూస్తే గట్టిగానే ఉంటుంది. మందంగా కూడా ఉంటుంది. ఆవిడ భర్త ఐసు కింద వేసిన వల చూసుకోవడానికి, రోజూ వెళ్లే దారినే వెళ్లాడు. ఐసు విరిగి లోపలికి పోయాడు, వసంతం దాకా దొరకలేదు.

"అది ఒక్క చలికాలం నది చేసిన పని" అంది ఆనా. "మీరు నీళ్లు వదిలి, తగ్గించి, మళ్లీ వదిలితే ప్రతి చలికాలమూ అదే. మందం కొలిచారు. కింద ఏముందో కొలవలేదు. చలికాలంలో నదిని కదపకండి."

కాసేపాగి, "అంతే" అంది.

రిపోర్టు మొత్తం మూడుసార్లు చదివిన ఇంజినీర్ని నేను. ఐసు కింద ఖాళీ సంగతి అందులో ఎక్కడా లేదు, నా బొమ్మల్లోనూ లేదు. ఆ బడి హాల్లో అందరి ముందూ నిలబడి, ఐసు మందంగానే ఉంటుందంటున్నారని ఆవిడకి నేను వివరించాను! సిగ్గుతో తల దించుకున్నాను.

మర్నాడు పొద్దున్న విమానం వచ్చేలోగా ఆనా నన్నొక ప్రశ్న అడిగింది. మేనకోడలు చెప్పింది: "మీ ఊళ్లో మీ భాష ఎవరితో మాట్లాడతారని అడుగుతోంది. ఇక్కడ తనతో మా భాషలో మాట్లాడేవాళ్లు ఆరుగురే మిగిలారట."

"ఓ, మావాళ్లకేం, చాలామంది ఉన్నారు" అన్నాను టక్కున, నవ్వుతూ.

ఆనా నవ్వలేదు. తల ఊపలేదు. అలాగే నావైపు చూస్తూ కూర్చుంది, నేనింకా జవాబు చెప్పనట్టు. నన్ను చూస్తూ అంతసేపు ఆగిన మనిషి మావారు పోయాక ఇంకొకరు లేరు. మళ్లీ నోరు తెరవబోయాను. ఇంతలో బయట స్నోమొబైల్ హారన్. రన్‌వే దగ్గర దింపేవాళ్లు వచ్చేశారు. సంచీ భుజాన వేసుకుని లేచాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం, గడువు ముగియడానికి రెండు గంటల ముందు, రికార్డింగు పంపాను. మేనకోడలి ఇంగ్లీషు వేరే కాగితం మీద జతచేశాను. వారం తర్వాత విచారణాధికారి ఆఫీసునుంచి టైపు చేసే అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, మొదటి పంతొమ్మిది నిమిషాలు ఏమీ లేదు. ఎవరో ఏదో నములుతున్న చప్పుడు తప్ప. కట్ చేసి పెట్టమంటారా?"

"కట్ చేయొద్దు. అది కూడా ఆవిడ ప్రకటనే" అన్నాను.

చేయలేదు. నమోదులో ఆవిడ పేరు పక్కన పాత మాట కొట్టేసి, ప్రకటన స్వీకరించామని రాసి, కాపీ పంపారు. కంపెనీవాళ్లని ఐసు కింద ఖాళీ గురించి మళ్లీ లెక్కలు కట్టి తెమ్మన్నారు. డ్యాం సంగతి ఇంకా తేలలేదు. ఎటు తేలుతుందో నాకు తెలీదు. కానీ ఆనా మాట అందులో ఉంది.

ఆ ఆదివారం అల్ఫారెట్టానుంచి అక్క ఫోన్ చేసింది. వెనక మిక్సీ, టీవీ, మనవలు.

"ఏమే, తిన్నావా? వీళ్లకి స్ప్రింగ్ బ్రేక్, నా ప్రాణాలు తోడేస్తున్నారు. మొన్న కాస్ట్‌కోలో వంకాయలు చూశానే, అబ్బ, ఏం ఉన్నాయో! నువ్వెలా ఉన్నావు? బానే ఉన్నావా?"

ప్రతి ఆదివారమూ అడుగుతుంది. ప్రతి ఆదివారమూ "బానే ఉన్నానక్కా" అని, ఆ మాట అవకుండానే వంకాయల్లోకి దూకుతాను. ఈసారి నోరు తెరిచి, ఆగాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. నిజం ఎక్కడ మొదలవుతుందో తెలీలేదు. అది వస్తోంది. నెమ్మదిగా, ఎక్కడో అడుగునుంచి, వస్తున్నట్టే ఉంది. ఇంకొంచెం సేపు కావాలి నాకు.

"హలో? హలో? వినబడుతోందా?" అంది అక్క.

"వినబడుతోంది."

"మరి మాట్లాడవేం? మీ అలాస్కా సిగ్నల్ తగలెయ్యా! హలో?" తర్వాత వెనక్కి తిరిగి ఎవరితోనో, "మీ చిన్నమ్మమ్మే. బానే ఉందిట" అంది. మళ్లీ నాతో, "సరేనే, ఇక్కడ పోపు మాడిపోతోంది, వచ్చే వారం చేస్తాను" అని పెట్టేసింది.

ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి వచ్చింది.

"బాగాలేనక్కా" అన్నాను, పైకే.